ఎనిమిది మంది మధ్య ఒక మెదడు



అష్టావధానం ఒక్కసారి చూసినవాళ్ళకైనా ఆ సభ ఎలా ఉంటుందో గుర్తుంటుంది. మధ్యలో అవధాని కూర్చుంటాడు. చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకాయనది నిషిద్ధాక్షరి. అవధాని ఒక్కొక్క అక్షరం చెబుతుంటే, తరవాత ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి అది వద్దంటాడు. ఇంకొకాయన సమస్య ఇస్తాడు. అర్థం చూస్తే అడ్డదిడ్డంగా ఉన్న ఒక పాదం చెప్పి, దానికి ముందు మూడు పాదాలు పెట్టి సబబు చెయ్యమంటాడు. దత్తపది ఇచ్చే ఆయన పద్యంలో ఇమడని మాటలు నాలుగు వెతికి తెస్తాడు. అవి ఇంగ్లీషు మాటలైతే సభకు మరీ హుషారు. వర్ణన ఉంటుంది, ఆశువు ఉంటుంది, న్యస్తాక్షరి ఉంటుంది. మధ్యమధ్య ఒకరు గంట కొడుతుంటారు, మొత్తం ఎన్ని కొట్టారో చివర లెక్క చెప్పాలి. ఇవన్నీ చాలనట్టు అప్రస్తుత ప్రసంగి ఒకడు. అవధాని పాదం మధ్యలో ఉండగా, ‘అయ్యా, మొన్న మీ ఇంటి పెళ్ళిలో పులిహోర మిగిలిందట కదా, ఏం చేశారు?’ అని అడగడమే ఆయన ఉద్యోగం. దానికి చమత్కారంగా జవాబు చెప్పి, మళ్ళీ వదిలేసిన అక్షరం దగ్గరే అందుకోవాలి. ఇలా నాలుగు ఆవృతాలు తిరుగుతాయి. ఒక్కో ఆవృతంలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం. ఆఖరున ధారణ. ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నీ మొదటి నుంచి చివరిదాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాలి.

సభలోంచి బయటికి వస్తూ జనం అనుకునే మాట ఒకటుంది: ‘ఆయన ఎనిమిది పనులు ఒకేసారి చేస్తాడండీ!’ ఈ మాట మీదే నాకు పేచీ. ఎనిమిది పనులు ఒకేసారి చెయ్యగల మెదడు భూమ్మీద లేదు. అవధానిదైనా సరే. మరి ఆయన చేస్తున్నదేమిటి? ఈ ప్రశ్న పట్టుకుని వెళితే మన ధ్యాస, జ్ఞాపకం, భాష, చివరికి ‘నాకు తెలుస్తోంది’ అనే ఎరుక, ఇవన్నీ మెదడులో ఎలా నడుస్తాయో కొంతవరకు చూడవచ్చు.

ముందుగా ధ్యాస. మీరు ఈ ప్రసంగం వింటూ కూర తరుగుతూ ఉండవచ్చు, బండి నడుపుతూ ఉండవచ్చు. అందులో ఇబ్బంది లేదు, ఎందుకంటే కూర తరగడం మీ చేతులకు అలవాటు. కానీ పక్కనే ఇంకొకరు మీతో మాట్లాడడం మొదలుపెడితే మా ఇద్దరిలో ఒకరిని మీరు వదులుకోవాల్సిందే. దీన్ని ప్రయోగం పెట్టి చూసినవాడు కొలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, 1953లో. కుడి చెవిలో ఒకటి, ఎడమ చెవిలో ఇంకొకటి, రెండు వేరు వేరు ప్రసంగాలు వినిపించి, ఒక చెవిలోది విన్నది విన్నట్టు పైకి చెప్పమన్నాడు. చెప్పారు. తరవాత, రెండో చెవిలో ఏం వచ్చింది అని అడిగితే తెల్లమొహం వేశారు. ఆ చెవిలో మాటలు మధ్యలో ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి మారిపోయినా వాళ్ళకు పట్టలేదు. మగగొంతు ఆడగొంతుగా మారితే మాత్రం పోల్చుకున్నారు. అంటే చెవి వింటూనే ఉంది, శబ్దం మెదడుకు చేరుతూనే ఉంది, కానీ అర్థం దాకా వెళ్ళింది ఒక్కటే. ఆరేళ్ళ తరవాత నెవిల్ మోరే అనే ఆయన ఇదే ప్రయోగంలో, పట్టించుకోని చెవిలో ఆ మనిషి పేరు పలికించాడు. మూడింట ఒక వంతు మందికి తమ పేరు వినపడింది. పట్టించుకోనిదాన్ని కూడా మెదడు కాస్తో కూస్తో వడగడుతూనే ఉంటుందన్నమాట.

చూపు సంగతీ ఇంతే. 1999లో హార్వర్డ్‌లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షబ్రీ అనే ఇద్దరు ఒక చిన్న వీడియో చూపించారు. కొందరు బంతి విసురుకుంటూ ఉంటారు, తెల్లచొక్కాలవాళ్ళు ఎన్నిసార్లు విసిరారో లెక్కపెట్టాలి. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి వచ్చి, నడుమ నిలబడి, గుండెలు బాదుకుని వెళ్ళిపోతుంది. చూసినవాళ్ళలో దాదాపు సగం మందికి గొరిల్లా కనపడనే లేదు. ‘వాళ్ళు మామూలు జనం, తర్ఫీదు ఉన్నవాళ్ళయితేనా’ అని మీరనవచ్చు. 2013లో తర్ఫీదు ఉన్నవాళ్ళకే పెట్టారు. ఊపిరితిత్తుల స్కాన్‌లలో గడ్డలు వెతకడమే వృత్తిగా ఉన్న 24 మంది రేడియాలజిస్టుల ముందు, మామూలు గడ్డ కన్నా 48 రెట్లు పెద్దదైన గొరిల్లా బొమ్మను స్కాన్‌లో ఇరికించి పెట్టారు. 20 మంది చూడలేదు. వాళ్ళ కళ్ళ కదలికలు కొలిస్తే, అందులో సగానికి పైగా మంది చూపు సరిగ్గా ఆ బొమ్మ మీదే పడి వెళ్ళింది. కన్ను చూసింది, మనిషి చూడలేదు.

ఇప్పుడు అవధాని దగ్గరికి వద్దాం. ఒక క్షణంలో ఆయన ఎదుట ఉన్నది ఒక్క పృచ్ఛకుడే. సమస్యాపూరణ పాదం చెబుతున్నప్పుడు వర్ణన ఆయన మనసులో ఉండదు. ఆయన గొప్పతనం ఒకదాన్నుంచి ఒకదానికి మారడంలో ఉంది, మారాక మొదటిదానికి తిరిగి రావడంలో ఉంది. ఈ మార్పు ఉచితంగా దొరకదు. మామూలు మనుషులకు రెండు చిన్న చిన్న పనులిచ్చి మార్చి మార్చి చెయ్యమంటే, మారిన ప్రతిసారీ సెకనులో ఎన్నో వంతు ఆలస్యం, కొన్ని తప్పులు పడతాయని మనస్తత్వశాస్త్రం వాళ్ళు ఎప్పటి నుంచో కొలుస్తున్నారు. ఈ మార్పిడిని నడిపేది ఎక్కువగా నుదుటి వెనక ఉండే మెదడు ముందుభాగం. అది దెబ్బతిన్నవాళ్ళను మాంట్రియల్‌లో బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త 1960ల్లో పరీక్షించింది. బొమ్మలున్న ముక్కలు విడదియ్యమని, రంగు ప్రకారం చేస్తే సరే అంటారు. కాసేపయ్యాక, చెప్పకుండా నియమం మార్చి, ఆకారం ప్రకారం చేస్తేనే సరే అంటారు. మామూలువాళ్ళు రెండు మూడు తప్పులతో గ్రహిస్తారు. ఈ రోగులు మాత్రం రంగు పట్టుకునే వేలాడతారు. ఇది తప్పు అని నోటితో అంటూనే చేతితో అదే తప్పు చేసేవాళ్ళూ ఉన్నారు. తెలియడం వేరు, తెలిసినదాని ప్రకారం మారగలగడం వేరు. అప్రస్తుత ప్రసంగి గురిపెట్టేది ఈ రెండోదాని మీదే. సభకు అతను విదూషకుడిలా కనిపిస్తాడు గానీ, నా లెక్కన ఎనిమిది మందిలోకీ గట్టి పరీక్షకుడు అతనే.

గంటల లెక్క సంగతి? అదీ ధ్యాస పెట్టి చేసేదే కాబోలు అనిపిస్తుంది. కానీ మెదడులో దానికొక చిన్న వెసులుబాటు ఉంది. మీరు పేపరు చదువుకుంటూ ఉంటారు, గోడగడియారం కొట్టడం మొదలుపెడుతుంది. మూడో దెబ్బకు మీ ధ్యాస అటు మళ్ళుతుంది. అయినా, అప్పటికి రెండు అయిపోయాయని వెనక్కి వెళ్ళి లెక్కపెట్టుకోగలుగుతారు. వినని దెబ్బలను ఎలా లెక్కపెట్టారు? విన్న శబ్దం జాడ కొద్ది సెకన్లపాటు, మనం పట్టించుకున్నా లేకపోయినా, మెదడులో నిలిచి ఉంటుంది. పాదం పూర్తి చేశాక ఆ కొద్ది సెకన్లలోపు వెనక్కి చూసుకుని అంకె ఒకటి పెంచుకుంటే చాలు. గంట కొట్టేవాడు మరీ గడుసువాడై వెంటవెంటనే కొడితే అప్పుడు కష్టం.

ధ్యాస ఒక్కదాని మీదే నిలుస్తుంది, సరే. మరి మిగిలిన ఏడు ఎక్కడ దాక్కుని ఉంటాయి?

అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగలిగేవి ఏడు, అటూ ఇటుగా రెండు అని 1956లో జార్జ్ మిల్లర్ అన్నాడు. ఆ తరవాత 2001లో నెల్సన్ కోవన్ లెక్కలన్నీ మళ్ళీ చూసి, లోలోపల వల్లించుకోవడం, కలిపి కట్టుకోవడం వంటి సాయాలు తీసేస్తే మిగిలేది నాలుగేనన్నాడు. నాలుగు! అవధాని చెప్పే ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు. పద్యానికి 80. అలాంటి పద్యాలు అయిదారు. ఈ లెక్కన ధారణ అసాధ్యం కావాలి.

అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి మీద జరిగిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. శాస్త్రపత్రాల్లో అతని పేరు ఎస్.ఎఫ్. అనే ఉంటుంది. సెకనుకొకటి చొప్పున అంకెలు చదువుతారు, అతను తిరిగి చెప్పాలి. మొదట్లో మనందరిలాగే ఏడు చెప్పాడు. ఏడాదిన్నరకు పైగా, 230 గంటలకు పైగా సాధన చేశాక 79 అంకెలు చెప్పాడు. 1980లో ఈ సంగతి అచ్చయింది. కిటుకేమిటంటే అతను పరుగుపందాల మనిషి. 3, 4, 9, 2 అని వినపడితే అతనికవి నాలుగు అంకెలు కావు, మైలు పరుగును 3 నిమిషాల 49.2 సెకన్లలో ముగించిన ఘనుడి సమయం. ఈ గుంపులను మళ్ళీ పెద్ద గుంపులుగా కట్టుకున్నాడు. మన రెండు చేతుల్లో విడి కట్టెలు నాలుగే పట్టినా, మోపు కడితే నలభై మోసుకెళ్ళగలం కదా, అలాగ. తమాషా ఏమిటంటే, అంకెలకు బదులు అక్షరాలు ఇచ్చి చూశారు. 79 అంకెలు చెప్పిన మనిషి ఆరు అక్షరాల దగ్గర ఆగిపోయాడు. అతని జ్ఞాపకశక్తి పెరగలేదు. అంకెలను అందుకునే పద్ధతి మాత్రమే పెరిగింది.

అవధానికి ఆ పద్ధతి ఛందస్సు. పద్యానికి ఛందస్సు సంకెళ్ళన్న వాదన తెలుగులో చాలాకాలంగా ఉంది. రాసే కవి సంగతి నాకు తెలియదు గానీ, ధారణ చేసే కవికి అది ప్రాణాధారం. ఉత్పలమాలలో గణాల వరస ముందే ఖాయం. పదో అక్షరం దగ్గర యతి, అంటే మొదటి అక్షరంతో అది మైత్రి పాటించాలి. రెండో అక్షరం ప్రాస, నాలుగు పాదాల్లోనూ అదే హల్లు రావాలి. ఒక పాదంలో మాట జారిపోయిందనుకోండి, దాని లయ తెలుసు, అది ఏ అక్షరంతో మొదలవ్వాలో దాదాపుగా తెలుసు, భావం తెలుసు. ఆ మూడూ కలిసే చోట సరిపడే మాటలు ఎన్నో ఉండవు. అంతా గుర్తుపెట్టుకోనక్కర్లేదు, కొన్ని గుర్తులు ఉంటే మిగతాది ఛందస్సే అందిస్తుంది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి జంటగా సంస్థానాల్లో శతావధానాలు చేశారు. మన కాలంలో మేడసాని మోహన్, మాడుగుల నాగఫణిశర్మ, గరికిపాటి నరసింహారావు వంటి వారు సహస్రావధానాల దాకా వెళ్ళారు. వచనంలో వెయ్యి మందికి జవాబులు చెప్పి తిరిగి అప్పజెప్పమంటే ఎవరివల్లా కాదని నా నమ్మకం.

ఇంకొక సాయం కూడా ఉంది. పృచ్ఛకులు కూర్చున్న వరస. లండన్‌లో ఎలనార్ మెగ్వైర్ బృందం ప్రపంచ జ్ఞాపకశక్తి పోటీల్లో పేరు తెచ్చుకున్న వారిని పరీక్షించి 2003లో ఫలితం ప్రకటించింది. వాళ్ళ తెలివితేటలు మామూలువే, మెదడు నిర్మాణమూ మామూలుదే. తేడా అల్లా, గుర్తుపెట్టుకోవాల్సినవాటిని తెలిసిన దారి వెంట ఒక్కొక్కచోట ఉంచుకుంటూ పోవడం. ఆ సమయంలో చోటును, దారిని చూసుకునే మెదడు భాగాలే వాళ్ళలో ఎక్కువగా పనిచేశాయి. ధారణప్పుడు అవధాని ఒక్కొక్క పృచ్ఛకుడి వైపు తిరిగి పద్యం అందుకోవడం మర్యాద కోసమే కాదేమో.

ఆ భాగాల్లో ముఖ్యమైనది హిప్పోక్యాంపస్. చెవుల లోపలివైపుగా, మెదడు అడుగున కుడి ఎడమలుగా రెండు ఉంటాయి, చిటికెనవేలంత. అవి లేకపోతే ఏమవుతుందో హెన్రీ మొలైసన్ బతుకు చెప్పింది. అతనిది అమెరికాలోని కనెక్టికట్. మందులకు లొంగని మూర్ఛలు. 1953లో, అతనికి 27 ఏళ్ళప్పుడు, విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండువైపులా హిప్పోక్యాంపస్‌లో పెద్దభాగం, దాని చుట్టుపక్కలవీ తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి. కొత్త జ్ఞాపకం పుట్టడం ఆగిపోయింది. 2008లో చనిపోయేదాకా, 55 ఏళ్ళు, అతను ప్రతి మనిషినీ కొత్తగా పరిచయం చేసుకుంటూనే ఉన్నాడు. తెలివి తగ్గలేదు, మాట తగ్గలేదు, హాస్యం తగ్గలేదు. గళ్ళనుడికట్టు నింపేవాడు. ఇందాక చెప్పిన బ్రెండా మిల్నర్ మాంట్రియల్ నుంచి రైల్లో వచ్చి అతన్ని పరీక్షించేది. 584 అనే అంకె గుర్తుంచుకోమని చెప్పి వదిలిపెడితే, కూడికలు తీసివేతలు ఏవో అల్లుకుని, లోపల వల్లించుకుంటూ పావుగంట నిలుపుకున్నాడు. ఎలా నిలుపుకున్నాడో వివరంగా చెప్పాడు కూడా. మాట మళ్ళించిన నిమిషానికి అంకె పోయింది, అంకె గుర్తుంచుకోమన్న సంగతీ పోయింది. ధ్యాస ఉన్నంతసేపే జ్ఞాపకం. ఆ మనిషి దగ్గర అప్రస్తుత ప్రసంగికి ఒక్క ప్రశ్న చాలు.

కానీ మిల్నర్ ఇంకొకటి చేసింది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీత వెంట గియ్యమంది. చేసి చూడండి, చెయ్యి ఎటు పొమ్మంటే అటు పోదు. హెన్రీ మొదటి రోజు తంటాలు పడ్డాడు. మూడో రోజుకు చక్కగా గీశాడు. ఈ పని ఇంతకుముందు చేశావా అంటే, లేదు. మనిషికి తెలియకుండా చెయ్యి నేర్చుకుంది. జ్ఞాపకం అనేది ఒక్కటి కాదని, జరిగిన సంగతి గుర్తుండడం ఒకటి, పని ఒంటబట్టడం వేరొకటి అని, వీటికి మెదడులో చోట్లు కూడా వేరని దీనితో తేటపడింది. అవధానికి ఛందస్సు ఒంటబట్టిన విద్య, చిన్నప్పటినుంచీ వేల పద్యాలు చదివి చదివి, గణాలు లెక్కపెట్టనక్కర్లేని స్థితికి వచ్చినది. ఈ సాయంత్రం ఫలానా ఆయన ఇచ్చిన సమస్య మాత్రం హిప్పోక్యాంపస్ ఖాతాలోది. రెండూ చెయ్యీచెయ్యీ కలిపితేనే సభ నిలుస్తుంది.

ఇక భాష. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడి పని ఒకసారి ఆలోచించండి. అవధాని ‘శ్రీ’ అనగానే తరవాత ఏ అక్షరం రావచ్చో ఊహించి అడ్డుకుంటున్నాడు. నిజానికి వినే ప్రతి మెదడూ ఎడతెగకుండా చేసేది ఈ ఊహే. 1980లో మార్తా కూటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు తలకు తీగలు అతికించి, వాక్యాలు ఒక్కొక్క మాటగా చూపించారు. చివరిమాట అనుకున్నదైతే ఏమీ లేదు. అనుకోనిదైతే, ‘అమ్మ అన్నంలో చెప్పులు కలిపింది’ వంటిదైతే, దాదాపు 400 మిల్లీసెకన్లకు మెదడు విద్యుత్తులో ఒక ప్రత్యేకమైన అల లేచింది. అంటే అరసెకను కూడా కాకముందే, రాబోయేదాని గురించి లోపల ఒక అంచనా ఉంది, అది తప్పింది. మంచి పృచ్ఛకుడు అవధాని మెదడులోని అంచనాను తన మెదడులో నడిపి, దారిలో అడ్డం నిలబడతాడు. అవధాని మొదటి మాటను అణచిపెట్టి రెండోది, రెండోదాన్ని అణచిపెట్టి మూడోది తియ్యాలి.

మాట వెతికి తెచ్చి పలకడంలో మెదడు ఎడమవైపుకు పెద్ద పాత్ర ఉందని నిరూపించినవాడు పాల్ బ్రోకా. 1861లో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్య అనే రోగి అతని చేతికి వచ్చాడు. 21 ఏళ్ళుగా అక్కడ ఉన్న ఆ మనిషి ఏమడిగినా ‘టాన్’ అనేవాడు, అందుకని పేరే టాన్ అయిపోయింది. చెప్పింది మాత్రం అర్థమయ్యేది. అతను చనిపోయాక చూస్తే మెదడు ఎడమ ముందుభాగంలో కింది పక్క దెబ్బతిని ఉంది. అదే ఏడాది లెలోన్ అని ఇంకొక ముసలాయన. అతనికి మిగిలినవి అయిదు మాటలు. ఏ అంకె చెప్పాల్సి వచ్చినా ‘మూడు’ అనేవాడు, వేళ్ళతో మాత్రం అసలు సంఖ్య సరిగ్గా చూపించేవాడు! అంకె తెలుసు, దాని పేరు నోటికి రాదు. ఆ రెండు మెదళ్ళనూ బ్రోకా కొయ్యకుండా భద్రపరిచాడు. 2007లో వాటిని ఎమ్మారై తీసి చూస్తే, దెబ్బ అతను పైనుంచి చూసిన చోటుతో ఆగలేదని, లోపల భాగాలను కలిపే తంతువుల దాకా వెళ్ళిందని తేలింది. భాష ఒక గదిలో కాపురం ఉండదు. దూరదూరంగా ఉన్న భాగాల మధ్య రాకపోకల్లో ఉంటుంది.

మాటలను అణచిపెట్టడం అన్నాను కదా, ఆ సందర్భంలో మన హైదరాబాదు సంగతి ఒకటి చెప్పాలి. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. అందులో 391 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చు. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు, ఆ నగరంలో వింతేముంది? వాళ్ళకు జబ్బు లక్షణాలు ఒకే భాష వచ్చినవాళ్ళకన్నా సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు వల్ల అనుకుందామా అంటే, బడి మొహం చూడనివాళ్ళలో ఆ తేడా ఆరేళ్ళుంది. రెండు దాటి మూడు, నాలుగు భాషలు వస్తే అదనపు లాభమేమీ కనపడలేదు. ఒక భాష మాట్లాడుతున్నప్పుడు రెండోదాన్ని పక్కన ఆపి ఉంచడం మెదడుకు రోజూ వ్యాయామం అని ఒక వివరణ. ఇతర దేశాల్లో చేసిన పరిశోధనలన్నీ ఈ లాభాన్ని ఒప్పుకోలేదు, వాదం ఇంకా నడుస్తోంది. కానీ పాశ్చాత్య దేశాల్లో రెండు భాషలవాళ్ళంటే చాలాచోట్ల వలస వచ్చినవాళ్ళు. వలస ప్రభావమేదో, భాష ప్రభావమేదో విడదియ్యడం కష్టం. హైదరాబాదులో తరతరాలుగా ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళకే నాలుగు భాషలు వస్తాయి. ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి అంతకన్నా మంచి ఊరు దొరకదు.

అణచిపెట్టడానికి సరిగ్గా ఎదురుగా నిలిచేది ఆశువు. అక్కడ ఆగడానికి వీల్లేదు, ధార పోవాలి. 2012లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 12 మంది ర్యాప్ గాయకులను స్కానర్‌లో పడుకోబెట్టారు. ఒకసారి కంఠతా వచ్చిన పాట, ఒకసారి అదే తాళానికి అప్పటికప్పుడు అల్లిన పాట. అల్లేటప్పుడు మెదడు ముందుభాగంలో లోపలివైపున, ప్రేరణకు సంబంధించినదనుకునే చోట, పని పెరిగింది. పైపక్క భాగంలో, మనల్ని మనం తప్పొప్పులు చూసుకుంటూ అదుపు చేసుకునే చోట, పని తగ్గింది. మన అవధానులను ర్యాపర్లతో పోల్చానని ఎవరికైనా కోపం రావచ్చు. కానీ తాళం తప్పకుండా, ప్రాస తప్పకుండా, ఎదుటివాడి మీద విసురుతో అప్పటికప్పుడు అల్లడంలో వాళ్ళిద్దరూ దూరపు చుట్టాలే. వింతేమిటంటే, నిషిద్ధాక్షరికి ఆ అదుపు పూర్తిగా కావాలి, ఆశువుకు అది పక్కకు తప్పుకోవాలి. రెండింటి మధ్య నిమిషాల్లో మారడం అవధాని చేసే పనుల్లోకి నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం.

ఇంతకీ ఆ పద్యం ఎవరు చెప్పారు? అవధాని చెప్పాడు, నిజమే. కానీ ఆ మాట ఆయన నోటికి రావడానికి ముందు ఎక్కడ తయారైంది? మీరు మాట్లాడేటప్పుడు గమనించండి. వాక్యం మొదలుపెట్టినప్పుడు చివరి మాట మీకు తెలియదు. అయినా క్రియ దగ్గరకి వచ్చేసరికి లింగం, వచనం, గౌరవం అన్నీ కుదిరే ఉంటాయి. ఎవరో లోపల సర్దిపెట్టారు, మీకు ఫలితం అందింది.

లోపల జరిగినదానికి పైన మనం చెప్పుకునే కారణం కూడా ఒక్కోసారి కల్పన. మూర్ఛ తగ్గించడానికి మెదడు కుడి ఎడమ అర్ధభాగాలను కలిపే కట్టను కోసేసిన రోగులను రోజర్ స్పెర్రీ, అతని శిష్యుడు మైకేల్ గజానిగా పరీక్షించారు. స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. 1970ల్లో గజానిగా బృందంవాళ్ళు ఒక రోగికి మాట్లాడే ఎడమ అర్ధభాగానికి మాత్రమే కోడికాలు, కుడి అర్ధభాగానికి మాత్రమే మంచు కప్పిన ఇల్లు కనపడేలా బొమ్మలు చూపించారు. ఎదురుగా ఉన్న బొమ్మల్లోంచి సరిపోయేవి ఏరమంటే, కుడిచెయ్యి కోడిని చూపించింది, ఎడమచెయ్యి మంచు ఎత్తే పారను చూపించింది. పార ఎందుకు అని అడిగారు. ఎడమ అర్ధభాగం మంచును చూడలేదు. అయినా తడుముకోలేదు. కోళ్ళగూడు శుభ్రం చెయ్యాలంటే పార కావాలి కదా అంది. అబద్ధమాడుతున్నానన్న అనుమానం కూడా అతనికి లేదు. మనం రోజూ చెప్పుకునే కారణాల్లో ఇలాంటివి ఎన్నో!

అయితే ఎరుక ఎక్కడ పుడుతుంది? కణాల సంఖ్యను బట్టి మాత్రం చెప్పలేం. మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయని బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం 2009లో లెక్కకట్టింది. అందులో 6,900 కోట్లు వెనకవైపు ఉండే చిన్నమెదడులోవే. ఆ చిన్నమెదడు పుట్టుకతోనే లేనివాళ్ళు కొందరున్నారు. నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, ఎరుక మాత్రం చెక్కుచెదరదు. కాబట్టి ఎన్ని కణాలని కాదు, అవి ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయన్నది ప్రధానం. ఏదో ఒక మూల జరిగిన పని మెదడంతటికీ చాటింపు అయినప్పుడు అది మనకు తెలుస్తుందని ఒక సిద్ధాంతం. 1988లో బెర్నార్డ్ బార్స్ మొదలుపెట్టినదాన్ని పారిస్‌లో స్టానిస్లాస్ డెహేన్ ప్రయోగాలతో పెంచాడు. కాదు, సమాచారం విడదియ్యరానంతగా పెనవేసుకున్న చోటే ఎరుక, అది ఎక్కువగా మెదడు వెనకభాగంలో అని జూలియో టొనోని పక్షం. 1998లో జర్మనీలోని బ్రెమెన్‌లో క్రిస్టాఫ్ కాక్ అనే మెదడు శాస్త్రవేత్త, డేవిడ్ చామర్స్ అనే తత్త్వవేత్త పందెం వేసుకున్నారు. ఎరుకకు మూలమైన నాడీకణాల పనిని 25 ఏళ్ళలో స్పష్టంగా కనిపెడతామని కాక్. కాలేరని చామర్స్. పందెం ఒక పెట్టె మంచి వైను. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో జరిగిన సభలో కాక్ ఓటమి ఒప్పుకుని సీసాలు అందించాడు.

సిద్ధాంతం తేలకపోయినా ఆసుపత్రుల్లో ఈ ప్రశ్న ఆగదు. 2006లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్ ఓవెన్ బృందం దగ్గరికి రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్న 23 ఏళ్ళ అమ్మాయి వచ్చింది. అయిదు నెలలుగా కళ్ళు తెరిచి ఉన్నా ఏ మాటకూ స్పందన లేదు. స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో అన్నారు. కాళ్ళూ చేతులూ కదిలించే పనిని సిద్ధం చేసే భాగం పనిచేసింది. నీ ఇంట్లో గది తరవాత గది తిరుగుతున్నట్టు ఊహించుకో అన్నారు. చోటును గుర్తుపట్టే భాగం పనిచేసింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మెదళ్ళలో ఎలాగో అచ్చం అలాగే. ఆమె వింటోంది, అర్థం చేసుకుంటోంది, చెప్పినంతసేపు ధ్యాస నిలుపుతోంది. మంచం పక్కన నిలబడి చూసిన ఎవరికీ తెలియలేదు, అంతే. 2024లో వెలువడిన పెద్ద పరిశోధనలో ఇలా మాటకు పలకని 241 మందిని స్కాన్లతోనో, తల మీద తీగలతోనో పరీక్షిస్తే, 60 మంది మెదళ్ళు చెప్పిన పని చేశాయి. నలుగురిలో ఒకరు. వాళ్ళెవరూ డాక్టరు ‘చెయ్యి కదపండి’ అన్నప్పుడు కదపలేదు.